బోడిగుట్టను తోట చేసిన సివిల్ ఇంజినీరు

మాది జలదంకి. నెల్లూరు జిల్లా అని చెప్పగానే హాస్టల్లో అందరూ చేపల పులుసు గురించి అడుగుతారు. మాది ఆ నెల్లూరు కాదురా, కావలిలో దిగి పడమరకు ఇంకో బస్సెక్కాలి, చెరువు నిండితే వరి, నిండకపోతే మబ్బుల వైపు చూడ్డమే అని చెప్పి చెప్పి అలిసిపోయా.

మా ఊరి చివర, పొలాలు అయిపోయి సర్కారు తుమ్మ మొదలయ్యే చోట ఒక పెద్ద గుంత ఉంది. నేను ఆరో తరగతిలో ఉండగా రోడ్డు పనులకని గ్రావెల్ తవ్వుకుపోయారు. పని అయ్యాక మిషన్లు వెళ్ళిపోయాయి, గుంత ఉండిపోయింది. వానలకు నీళ్ళు నిలిచేవి. ఇంట్లో తెలియకుండా మేం ఈత నేర్చుకుంది అందులోనే. రెండేళ్ళ కిందట మా చిన్నాయన చూడి బర్రె నీళ్ళు తాగడానికి గట్టు అంచుకు పోయింది. అంచు విరిగిపడింది. తాళ్ళేసి పైకి లాగేసరికి ప్రాణం పోయింది. ఆ బర్రెను నమ్ముకునే చిన్నాయన ఆ ఏడు అప్పు చేశాడు. అప్పట్నుంచి ఊళ్ళో ఒకటే మాట, ఆ గుంత పూడ్చెయ్యాలని. పూడ్చడానికి అంత మట్టి ఎక్కడిది? అందుకని ఎవరికి వారు చెత్త తెచ్చి అందులో పోయడం మొదలుపెట్టారు.

పోయిన వినాయక చవితికి మా వీధి కుర్రాళ్ళం బొమ్మను ఆ గుంతలోనే నిమజ్జనం చేశాం. సంక్రాంతికి వెళ్తే నీళ్ళు తగ్గి స్వామి కిరీటం, ఒక చెయ్యి బయటికొచ్చి ఉన్నాయి. రంగంతా పోయి తెల్లగా. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కదా, కరగలేదు. చూడ్డానికి సిగ్గేసింది. తిరిగి కాలేజీకొచ్చాక ఒక డౌటు పట్టుకుంది: ఈ ప్లాస్టర్‌కి పారిస్ పేరెందుకు? ఆ డౌటు వెంట పోతూ ఉంటే ఒక సివిల్ ఇంజినీరు తగిలాడు. ఈ వ్యాసం ఆయన గురించే.

ముందు డౌటు తీర్చేస్తా. పారిస్ ఊరి కిందా, చుట్టుపక్కల గుట్టల్లోనూ జిప్సం దండిగా ఉంది. దాన్ని 150 డిగ్రీల దగ్గర కాలిస్తే లోపలున్న నీటిలో ముప్పాతిక భాగం పోయి తెల్లటి పొడి మిగులుతుంది. మళ్ళీ నీళ్ళు కలిపితే గట్టిపడుతుంది. ఫస్టియర్ కెమిస్ట్రీలో చదివిందే. వందల ఏళ్ళు ఆ పొడితోనే పారిస్ గోడలు పూశారు. ఆ జిప్సం తవ్విన చోట్లలో ఒకటి ఊరికి ఈశాన్యాన బెల్‌విల్ పక్కనున్న గుట్ట. పేరు బ్యూట్ షోమోన్. బ్యూట్ అంటే గుట్ట. షోమోన్ అనేది బోడికొండ అనే అర్థమున్న మాటల నుంచి వచ్చిందంటారు. జిప్సం, బంకమన్ను కలిసిన ఆ నేలలో గడ్డి కూడా సరిగా మొలిచేది కాదు. మన భాషలో బోడిగుట్ట.

ఆ బోడిగుట్టకు ఉన్నంత చెడ్డపేరు ఇంకో చోటికి ఉండదేమో. పక్కనే మోన్‌ఫోకోన్ అనే చోట 13వ శతాబ్దం నుంచి 1760 దాకా ఉరికంబాలు ఉండేవి. ఉరితీసిన వాళ్ళను అలాగే వేలాడదీసి వదిలేసేవాళ్ళు. ఆ తర్వాత అదే చుట్టుపక్కల ఊరి మరుగుదొడ్ల మలమంతా తెచ్చి పోసే గుంటలు, ముసలి గుర్రాలను నరికే దొడ్లు. ఆ మలం గుంటలు 1849లో గానీ అక్కణ్ణుంచి కదల్లేదు. ఇవన్నీ చాలవన్నట్టు మధ్యలో క్వారీ. గుట్టకు ఒకవైపు నిలువునా కోసేసిన గోడలు, లోపలికి సొరంగాలు. ఇల్లూ వాకిలీ లేనివాళ్ళు రాత్రిళ్ళు ఆ సొరంగాల్లో పడుకునేవాళ్ళు.

దీన్ని తోట చెయ్యాలని 1864లో పని మొదలుపెట్టినాయన పేరు జాన్ షార్ల్ అడాల్ఫ్ అల్ఫాన్.

1817 అక్టోబరు 26న ఆల్ప్స్ కొండల దగ్గర గ్రెనోబుల్లో పుట్టాడు. నాన్న మిలిటరీలో ఫిరంగి దళం ఆఫీసరు. అల్ఫాన్ 1835లో ఎకోల్ పాలిటెక్నిక్‌లో చేరాడు. పాలిటెక్నిక్ అనగానే మన డిప్లొమా అనుకోకండి, వాళ్ళ దేశంలో అది ఐఐటీ లాంటిది. అక్కణ్ణుంచి వంతెనలు, రోడ్ల ఇంజినీర్లను తయారుచేసే పాత బడికి వెళ్ళాడు. ఆ బడి 1747లో పెట్టింది, ఇప్పటికీ నడుస్తోంది. చదువయ్యాక బోర్డోలో ఉద్యోగం. రోడ్లు, రేవు పనులు, లెక్కలు, ఫైళ్ళు. దాదాపు పదిహేనేళ్ళు అక్కడే. ఆ వయసుకు ఆయన్ని చూసి ఈయన చరిత్రలో నిలుస్తాడని ఎవరూ అనుకుని ఉండరు. ప్లేస్‌మెంట్ గురించి ఇప్పట్నుంచే నిద్ర మానేస్తున్న మా బ్యాచ్ వాళ్ళు ఈ సంగతి కొంచెం గుర్తుపెట్టుకోవచ్చు.

బోర్డోకి ప్రిఫెక్టుగా, అంటే కలెక్టరు లాంటి పదవిలో, ఓస్మాన్ అనే ఆయన వచ్చాడు. మన ఉస్మాన్‌సాగర్‌తో ఏ చుట్టరికమూ లేదు. 1853లో మూడో నెపోలియన్ చక్రవర్తి ఓస్మాన్‌ని పారిస్‌కి తీసుకుపోయి ఊరిని తిరగగొట్టి కట్టమన్నాడు. ఇరుకు సందులన్నీ కూల్చి ఇప్పుడు సినిమా పాటల్లో కనిపించే వెడల్పాటి రోడ్లు వేసింది ఈ ఓస్మానే. మరుసటి ఏడు ఆయన బోర్డో నుంచి అల్ఫాన్‌ని పిలిపించి తోటలు, చెట్ల శాఖకు పెద్దగా పెట్టాడు. రోడ్ల ఇంజినీరుకి తోటల శాఖ ఏంటని నాకూ అనిపించింది. దాని వెనక ఒక లెవెలింగ్ తప్పు ఉంది. సర్వేయింగ్ ల్యాబులో ఆటోలెవెల్ ముందు నిలబడి ఇదంతా ఎందుకు అని విసుక్కునేవాళ్ళ కోసం వివరంగా చెప్తా.

పారిస్‌కి పడమర బోయి ద్ బులోన్ అనే పెద్ద అడవి ఉంది. చక్రవర్తి లండన్‌లో ఉన్నప్పుడు హైడ్ పార్కులో పొడుగ్గా వంపు తిరిగిన నీళ్ళను చూసి మురిసిపోయాడు. తన అడవిలోనూ అలాంటి ఏరు పారాలన్నాడు. వారే అనే తోటల నిపుణుడు పని మొదలుపెట్టి తవ్వించాడు. తీరా చూస్తే రెండు కొసల ఎత్తుల్లో తేడా ఉంది. నీళ్ళు పోస్తే పైకొస ఎండిపోతుంది, కిందికొస పొంగిపోతుంది. అంత తవ్వకం అయ్యాక బయటపడ్డ సంగతి ఇది. వారే వెళ్ళిపోయాడు, అల్ఫాన్ వచ్చాడు. తవ్విందాన్ని పూడ్చలేదు. మధ్యలో అడ్డుకట్ట వేసి పైన ఒక చెరువు, కింద ఒక చెరువు చేశాడు. పై చెరువు నీళ్ళు కింది చెరువులోకి దూకేలా చిన్న జలపాతం పెట్టాడు. ఇప్పుడు చూసేవాళ్ళకు మొదట్నుంచీ అలాగే అనుకున్నారనిపిస్తుంది. మన పల్లెల్లో గొలుసుకట్టు చెరువులు ఉంటాయి కదా, పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది, అదే పద్ధతి. 1859లో న్యూయార్క్ సెంట్రల్ పార్కు కడుతున్న ఆమ్స్‌టెడ్ వచ్చి ఈ పనులు చూసి వెళ్ళాడు. చూపించింది అల్ఫానే.

ఆయన ఒక్కడే చేశాడని నేననడం లేదు. మొక్కల సంగతి బారియే దెషాన్ అనే తోటమాలి చూసుకున్నాడు, ఆయన్నీ బోర్డో నుంచే తెచ్చారు. మంటపాలు, గేట్లు, బెంచీలు గాబ్రియేల్ దావియూ అనే ఆర్కిటెక్టు గీశాడు. ఊరికి నీళ్ళు, మురుగు కాలవలు బెల్‌గ్రాన్ అనే ఇంకో ఇంజినీరువి. అల్ఫాన్ వీళ్ళందరితో కలిసి పనిచేయించాడు.

ఇక బోడిగుట్ట. 1860లో శివారు పల్లెలన్నిటినీ పారిస్‌లో కలిపేశారు. మన దగ్గర మున్సిపాలిటీల్లో పంచాయతీలను కలిపినట్టే. బెల్‌విల్ కూడా ఊరిలోకి వచ్చింది. ఊరి నడుమ ఇళ్ళు కూల్చినప్పుడు అద్దెలు భరించలేక బయటికొచ్చిన కూలీలు, చేతిపనుల వాళ్ళు అక్కడే ఎక్కువ. గొప్పోళ్ళ వైపు పడమర అడవి ఉంది, ఈ తూర్పు వైపు ఏమీ లేదు. 1867లో పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన పెట్టాలి. అప్పటికల్లా ఈ గుట్ట పార్కు కావాలి. చేతిలో ఉన్నది మూడేళ్ళు.

నేను ఎక్కువసేపు ఆగింది ఇక్కడే. గుంత కనిపిస్తే పూడ్చెయ్యాలన్నది మన అందరికీ వచ్చే మొదటి ఆలోచన. మా ఊళ్ళో వచ్చిందీ అదే. అల్ఫాన్ పూడ్చలేదు. క్వారీ అడుగున ఒకటిన్నర హెక్టార్ల చెరువు పెట్టాడు. తవ్వగా మిగిలిన జిప్సం గోడల్ని మందుపాతర్లతో చెక్కి, చెరువు మధ్య సుమారు 30 మీటర్ల ఎత్తున నిటారుగా లేచే దీవి చేశాడు. దాని నెత్తిన దావియూ గుండ్రటి చిన్న మంటపం కట్టాడు. సొరంగాల్లో ఒకదాన్ని పెద్ద గుహగా మార్చి, పైనుంచి 30 మీటర్లకు పైగా ఎత్తు నుంచి జలపాతం దూకేలా చేశారు. ఆ నీళ్ళు అక్కడ పుట్టినవి కావు. దగ్గర్లోని ఊర్క్ కాలవ నుంచి పంపులతో పైకి తోడినవి. దీవికి వెళ్ళడానికి 60 మీటర్లకు పైగా పొడవున్న వేలాడే వంతెన ఒకటి, ఎత్తైన రాతి వంతెన ఒకటి. నగరం చుట్టూ తిరిగే రైలుమార్గం ఆ నేల గుండానే పోతుంటే దాన్నీ తీసెయ్యలేదు, పార్కులో కలుపుకున్నాడు.

గడ్డి మొలవని నేలలో చెట్లు ఎలా వచ్చాయంటే, మట్టి తెచ్చి పోశారు. సుమారు 2 లక్షల ఘనపు మీటర్ల సారవంతమైన మట్టి. దానికోసం పట్టాలు వేశారు, వెయ్యి మంది కూలీలు పనిచేశారు. మా ఊరి ట్రాక్టరు ట్రక్కుకు 3 ఘనపు మీటర్లు పడుతుందనుకుంటే 66 వేల ట్రిప్పుల పైమాట. పార్కు సుమారు 25 హెక్టార్లు, అంటే 60 ఎకరాలకు పైన. అంతటా సమంగా పరిచినా 80 సెంటీమీటర్ల మందం వస్తుంది. ఈ లెక్క నేను కాలిక్యులేటర్లో మూడుసార్లు కొట్టి చూసుకున్నా.

తోటలో రాళ్ళలా కనిపించేవి చాలావరకు సిమెంటు పూతలు. గుహలో పైనుంచి వేలాడే రాతి ఊడలు కూడా చేసి పెట్టినవే. మెట్ల పక్క చేతిపట్టీలు చెట్టుకొమ్మల్లా ఉంటాయి, అవీ సిమెంటే. కొందరు దీన్ని దొంగ ప్రకృతి అని వెక్కిరిస్తారు. నాకైతే ఇది తప్పనిపించలేదు. ఆ గుట్టను అలా చేసింది మనుషులే, బాగుచేసిందీ మనుషులే, దాచిపెట్టడానికేముంది? ఇంకో ముచ్చట. అదే 1867లో మోనియే అనే తోటమాలి ఇనుప తీగలు పెట్టిన సిమెంటు పూలతొట్లకు పేటెంటు తీసుకున్నాడు. మనం రెండు సెమిస్టర్లు కుస్తీ పడుతున్న ఆర్‌సీసీ పుట్టుకలో తోటమాలుల చెయ్యి ఉందన్నమాట.

1867 ఏప్రిల్ 1న, ప్రపంచ ప్రదర్శన మొదలైన రోజే, పార్కు తెరిచారు.

ఇంతవరకు చదివి నేను ఆయనకు పూర్తిగా ఫ్యాన్ అయిపోయా. తర్వాత కొంచెం ఇబ్బంది మొదలైంది. ఆ సొరంగాల్లో పడుకునేవాళ్ళు ఏమయ్యారు? నేను చదివిన వాటిలో పట్టాల సంగతి, పంపుల సంగతి ఉన్నాయి గానీ వాళ్ళకు చోటు చూపించిన సంగతి ఎక్కడా కనపడలేదు. పార్కు పేదల పేటలోనే కట్టారు, నిజమే. గేటుకు టిక్కెట్టు లేదు, అదీ నిజమే. కానీ ఏం కావాలని ఆ పేటవాళ్ళను ఎవరూ అడగలేదు. అడిగే రోజులూ కావవి, చక్రవర్తి పాలన. ఒకే చేత్తో ఊరి నడుమ ఇళ్ళు కూల్చి, ఇంకో చేత్తో శివార్లలో చెట్లు నాటిన ప్రభుత్వంలో అల్ఫాన్ పెద్ద ఉద్యోగి. ఈ రెండు చేతుల్లో ఒకదాన్నే చూసి మెచ్చుకోవడం నాకు చేతకాలేదు.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తా. 1870 జనవరిలో ఖర్చుల గొడవల మీద ఓస్మాన్ పదవి పోయింది. అదే ఏడు సెప్టెంబరులో చక్రవర్తి ప్రష్యాతో యుద్ధంలో ఓడి పట్టుబడ్డాడు, పారిస్‌ని శత్రువులు చుట్టుముట్టారు. అల్ఫాన్ యూనిఫాం వేసుకుని ఇంజినీర్ల దళానికి కర్నల్‌గా నగరం కాపలా పనులు చూశాడు. బోయి ద్ బులోన్ చెట్లను రక్షణ కోసమూ, వంటచెరకు కోసమూ నరికేశారు. పదహారేళ్ళ పని అది. తన కళ్ళముందే పోయింది.

1871 మేలో ఇంకా ఘోరం. పారిస్ కూలీలు, చేతిపనుల వాళ్ళు తిరగబడి రెండు నెలలు నగరాన్ని తామే నడిపారు. పారిస్ కమ్యూన్ అంటే అదే. సైన్యం వచ్చి అణిచేసినప్పుడు చివరిదాకా నిలబడ్డ చోట్లలో బెల్‌విల్ ఒకటి, బ్యూట్ షోమోన్ గుట్ట మీద ఫిరంగులు పెట్టి కొట్లాడారు. అంతా అయిపోయాక శవాలను ఆ పార్కులోనే గుట్టలుగా పోసి తగలబెట్టారు. తెరిచి నాలుగేళ్ళు. ఏ పేటవాళ్ళ కోసమని తోట కట్టారో ఆ పేటవాళ్ళే. ఇది చదివిన రాత్రి నేను ల్యాప్‌టాప్ మూసేసి కారిడార్లో చాలాసేపు తిరిగా.

చక్రవర్తి మనిషిని కొత్తగా వచ్చిన రిపబ్లిక్ పక్కన పెడుతుందనుకుంటాం. పెట్టలేదు. 1871లోనే అల్ఫాన్‌ని నగరం పనులన్నిటికీ డైరెక్టర్ని చేసింది. ఊరి దక్షిణాన మోన్‌సూరి పార్కును 1878కి పూర్తిచేశాడు. దాని కింద కూడా పాత క్వారీ సొరంగాలే. అదే ఏడు బెల్‌గ్రాన్ చనిపోతే నీళ్ళు, మురుగు శాఖ కూడా ఈయన నెత్తినే పడింది. అంటే చెట్లు, రోడ్లు, నీళ్ళు అన్నీ ఒకరి చేతిలో. 1889 ప్రపంచ ప్రదర్శన నిర్మాణాలకు పెద్ద ఆయనే. ఈఫిల్ టవర్ వద్దని 1887లో పేరున్న రచయితలు, చిత్రకారులు పత్రికలో బహిరంగ లేఖ వేశారు కదా, అది రాసింది ఈఫిల్‌కి కాదు, అల్ఫాన్‌కి. లేఖ వచ్చింది, టవరూ లేచింది.

1891 జనవరిలో ఓస్మాన్ పోయాడు. లలిత కళల అకాడమీలో ఆయన ఖాళీ చేసిన కుర్చీకి అల్ఫాన్‌ని ఎన్నుకున్నారు. ఒక సివిల్ ఇంజినీరుకి కళాకారుల మధ్య కుర్చీ. ఎక్కువ రోజులు కూర్చోలేదు. ఆ డిసెంబరు 6న, 74 ఏళ్ళ వయసులో, ఉద్యోగంలో ఉండగానే చనిపోయాడు. పేర్ లషేజ్ శ్మశానంలో పెట్టారు. అదీ ఊరికి తూర్పునే, బోడిగుట్టకు మరీ దూరం కాదు.

తర్వాతి వాళ్ళు ఈ దారిలో ఇంకా ముందుకు పోయారు. అమెరికాలో సియాటిల్ వాళ్ళు పాత గ్యాస్ ఫ్యాక్టరీ గొట్టాలను అలాగే ఉంచి 1975లో పార్కు తెరిచారు. జర్మనీలో డ్యూయిస్‌బుర్గ్ దగ్గర 1985లో మూతపడ్డ ఉక్కు కర్మాగారంలో ఇప్పుడు జనం కొలిముల మీదికి ఎక్కి ఊరు చూస్తారు. పాత నెల్లూరు జిల్లాలో గూడూరు, సైదాపురం వైపు అభ్రకం తవ్వి వదిలేసిన గుంతలు ఎన్ని ఉన్నాయో ఆ వైపు మిత్రులకు నేను చెప్పక్కర్లేదు.

బ్యూట్ షోమోన్‌కి ఇప్పటికీ రిపేర్లు అవుతూనే ఉంటాయి. జిప్సం నీళ్ళకు మెల్లగా కరుగుతుంది. కింద పాత సొరంగాలు, పైన చెరువు. నేల కుంగుతుంది, రాళ్ళు వదులవుతాయి, వలలు కడతారు, మళ్ళీ పూతలు పూస్తారు. నూటయాభై ఏళ్ళు దాటినా మెయింటెనెన్స్ బిల్లు ఆగలేదు. మా ఊళ్ళో ఆ డబ్బు ఎవరు పెడతారని మా గైడ్ సార్ అడిగారు. మినీ ప్రాజెక్టుకి ఆ గ్రావెల్ గుంత తీసుకుంటానన్నప్పుడు ఆయన అడిగిన రెండు ప్రశ్నల్లో అది రెండోది. మొదటిది, చుట్టూ పొలాలున్న పల్లెకు పార్కు దేనికని. రెండూ సరైన ప్రశ్నలే. మొదటిదానికి కొంచెం జవాబు చెప్పగలిగా. రెండోదానికి ఇప్పటికీ లేదు.

మొన్న దసరా సెలవుల్లో గుంత కొలిచా. టోటల్ స్టేషన్ ఇవ్వరు కాబట్టి నీళ్ళ ట్యూబు, టేపు, రెండు కర్రలు. తూర్పు గట్టు దాదాపు నిలువుగా 6 మీటర్లు ఉంది, బర్రె పడింది అక్కడే. పడమర వైపు కొంచెం వాలు ఉంది. టేపు రెండో కొస పట్టుకోవడానికి మావాళ్ళెవరూ రాలేదు, పండగ సినిమాకి కావలి పోయారు. చిన్నాయన వచ్చాడు. ఏమీ మాట్లాడకుండా పొద్దెక్కేదాకా టేపు పట్టాడు. ఇంటికొచ్చాక నేను గీసిన కాగితం చూపించా. చెరువు, చుట్టూ నడకదారి, తుమ్మ కొట్టేసి పెట్టే వేపలు, కానుగలు, పిల్లలు దిగే మెట్లు. కాగితాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూసి, గొడ్లు నీళ్ళకు ఎక్కడ దిగాలని అడిగాడు.

గియ్యలేదు. పడమర వాలు మీద గీస్తున్నా, ఆరడుగుల పొడవుకు అడుగు దిగేలా. చిన్నాయన మాత్రం అది కూడా ఎక్కువే, చూడి బర్రె దిగలేదు, ఇంకా పడుకోబెట్టమంటున్నాడు.